చిన్నదాని పేరు

పాలు పొంగేలోపల స్టవ్ కట్టేసి గ్లాసులోకి వంచుతుండగా నడవాలోని మంచం మీద నుంచి దీనమ్మ గొంతు వినిపించింది.

"చిన్నది లేచిందా?"

"లేచిందిలే మా."

"దానికీ పాలు పోసినావా?"

"పోసినా."

పోయలేదు. పోయడానికి అక్కడ ఎవరూ లేరు. కానీ ఏడాదిగా పొద్దున్నే ఈ అబద్ధం చెప్పీ చెప్పీ రెజీనాకు అది పళ్లు తోముకోవడం లాంటి పనైపోయింది. కౌల్ బజారు సందులోని ఆ రెండు గదుల ఇంట్లో ఉండేది తల్లీ కూతురూ ఇద్దరే. తల్లికి డెబ్బై దాటాయి, కూతురికి యాభై దగ్గర పడ్డాయి. మూడో మనిషి ఉందని దీనమ్మ నమ్మే చోటు రెజీనా ఛాతీలో, కుడివైపు, గుండెను ఆనుకుని ఉంది.

ఈ రోజు మాత్రం అబద్ధం దొరికిపోయింది. తన గ్లాసు ముట్టుకోకుండా రెజీనా జడ వేసుకుంటుంటే ముసలామె కనిపెట్టేసింది. కళ్లకు మసకలు కమ్మాయే గానీ ఇలాంటివి ఆమెకు భలే కనపడతాయి.

"నువ్వే తాగల్యా? నువ్వు తాగకుంటే దానికెట్ల పోతాది?"

"స్కానింగు ఉండాది మా ఈ పొద్దు. పరగడుపున రమ్మన్నారు."

దీనమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టింది. "సూది పొడుస్తారా?"

"చూసినాక చెప్తారు. ఆ మధ్య చూసినప్పుడు కొంచెం పెరిగిందన్నారు గదా. ఇంగా పెరిగింటే సూదితో నీళ్లు తీసేస్తారంట."

"ఒప్పుకోవాకు. ఒగసారి పోగొట్టుకున్నా, చాలదా?"

"మా, అది సుమ్నే, ఉత్త నీళ్లు."

"నీళ్లే. కడుపులో బిడ్డ నీళ్లలో ఉండకుంటే ఇంగ యాడుంటాదే?"

ముసలామె గ్లాసును మంచం కోడు దాకా నెట్టేసి గోడవైపు తిరిగి పడుకుంది. "అది ఉండాదని వచ్చి చెప్పు. అప్పుడు తాగుతా" అంది. వారం నుంచి తిండి మీద ఇదే వరస. బెదిరిస్తున్నట్టు కాదు, నిజంగానే ముద్ద దిగడం లేదు. పైట కింద పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి. ఈ సాయంత్రం తను తెచ్చే మాట మీదే అమ్మ తినడం, బతకడం ఆధారపడి ఉన్నాయని రెజీనాకు బాగా తెలుసు. పక్కింటి లక్ష్మక్కను కాస్త కనిపెట్టి ఉండమని చెప్పి వీధిలోకొచ్చింది.

ఇదంతా పోయినేడు దగ్గుతో మొదలైంది. జీన్సు కుట్టేవాళ్లకు దగ్గు కొత్తేం కాదు. ఆ గుడ్డ నూగు ముక్కుల్లోకి పోతుంది, సాయంత్రం ఉమ్మితే ఉమ్ము కూడా నీలంగా పడుతుంది. కానీ ఆ దగ్గు తగ్గలేదు. ఎక్సరే తీస్తే గుండె పక్కన గుండ్రంగా ఒక నీడ కనపడింది. ఇంకేముంది, అయిపోయాననుకుంది రెజీనా. అమ్మను ఎవరు చూస్తారన్న ఒక్క దిగులు తప్ప మరోటి లేకుండా రోజులు గడిపింది. తర్వాత పెద్ద స్కానింగు తీసి, ఆ కుర్ర డాక్టరమ్మ హిమబిందు ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. ఎమ్మిగనూరు దగ్గర క్యాంపులో, వలస వచ్చి వరి పండించుకునే కోస్తా వాళ్ల పిల్ల, మాట మెత్తన.

"గుండె చుట్టూ పల్చటి పొర సంచి ఉంటుందండీ. మీరు తల్లి కడుపులో తయారవుతున్నప్పుడే దాని పక్కన చిన్న తిత్తి ఒకటి మిగిలిపోయింది. లోపల తేట నీళ్లు, అంతే. కేన్సరు కాదు. చాలా కొద్దిమందికి ఉంటుంది, ఉన్నవాళ్లలో సగం మందికి ఉన్నట్టే తెలీదు. మీ దగ్గు వేరే, దానికి మందిస్తాను."

"మరి తీసేయల్యా మేడం?"

"ఊరికే కూర్చున్నదాన్ని మనం కెలకడం ఎందుకు? అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉందాం. పెరిగి ఊపిరికి అడ్డమొస్తే సూదితో నీళ్లు లాగేయొచ్చు, కాదంటే చిన్న ఆపరేషన్."

రెజీనాకు సంగతి చప్పున అర్థమైంది. ఆమె పనే అది. ప్యాంటు ముందు జేబు లోపల ఇంకో బుల్లి జేబు ఉంటుంది చూడండి, రోజంతా ఆమె కుట్టేది దాన్నే. అందులో ఎవరూ ఏమీ పెట్టుకోరు. అయినా అది లేని ప్యాంటు ఉండదు. దేవుడు తనకూ ఒకటి కుట్టి పంపాడు కాబోలనుకుని, దారిలో మైసూరుపాకు కొనుక్కుని మరీ ఇంటికొచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. సంబరం ఆపుకోలేక స్కానింగు ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి అమ్మకు చూపించింది.

దీనమ్మ చాలాసేపు చూసింది. తెల్లటి గుండె పక్కన బూడిదరంగులో ఒంపు తిరిగిన చిన్న ఆకారం. దాని మీద వేలు పెట్టి నెమ్మదిగా నిమిరింది.

"మోకాళ్లు ముడుచుకోని పండుకోనుండాది" అంది.

ఆ సాయంత్రమే మొదటిసారి చెప్పింది. రెజీనా ఒక్కతే పుట్టలేదు. మిషన్ లైన్లలో, చర్చి వాళ్లిచ్చిన ఇంట్లో రెజీనా పుట్టి గుక్కపట్టి ఏడుస్తుండగానే వెనకాలే ఇంకొకతి వచ్చింది. అది ఏడవలేదు. మంత్రసాని దాన్ని గుడ్డలో చుట్టి పెరటి తలుపు గుండా తీసుకుపోయింది. ఒకసారి చూపించమని తల్లి అడిగితే, చూస్తే మరచిపోలేవమ్మా అన్నారు. చూడకపోతే మాత్రం మరచిపోయిందా పాడా! వాళ్లది పాత క్రైస్తవ సంఘం. మనిషి పోతే చర్చి గంట కొట్టి, మెట్ల మీద నిలబడి పేరు గట్టిగా పిలుస్తారు. పేరు పెట్టేది బాప్తిస్మంలో, బాప్తిస్మం ఊపిరి ఉన్నవాళ్లకు. పేరులేని బిడ్డను ఏమని పిలవాలి అన్నారు పెద్దలు. గంట మోగలేదు. సమాధుల తోట గోడకు అవతల ఎక్కడో పూడ్చారు, ఎక్కడో ఆమెకు చెప్పలేదు. ఏటా సమాధుల మీద కొవ్వొత్తులు పెట్టే రోజున నాన్న సమాధి దగ్గర అమ్మ ఒకటి వెలిగించి, తర్వాత గోడ పక్కన నిలబడి బయటికి చూస్తుండేది. ఆటో కోసం చూస్తోందని రెజీనా ఇన్నాళ్లూ అనుకుంది.

"అది యాడికీ పోల్యా. నీ లోన దూరినాది" అంది దీనమ్మ. "నేను పోయేలోగా దానికి పేరు పెట్టించు. ఒగసారి చర్చి కాడ పిలిపించు."

డాక్టరమ్మ చెప్పినదంతా రెజీనా మళ్లీ మొదటినుంచీ చెప్పింది. గోడకు చెప్పినా అంతే. గంట కొట్టే కెన్నెత్ దగ్గరికి ఒకసారి పోయింది కూడా. "ఏమక్కా?" అని అతనడగ్గానే, "ఏం ల్యా అప్పా, సుమ్నే ఇట్ల వచ్చినా" అని తిరిగొచ్చేసింది. తల్లికి మతి చెడింది, కూతురికీ అంటుకుంది అంటారని భయం.

అయితే ఒక సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచీ కుడివైపు ఒత్తిగిలి పడుకోవడం మానేసింది. సిటీ బస్సులో గుంపు తోసుకొస్తే కుడిచెయ్యి తనకు తెలియకుండానే అడ్డం వచ్చేది. పెళ్లి సంబంధాలు వచ్చిన రోజుల్లో వచ్చి, పోయిన రోజుల్లో పోయాయి. అమ్మ తర్వాత తనకు ఎవరున్నారన్న ఆలోచన అంతకుముందు రోజూ కొరికేది. ఈ ఏడాది అది రాలేదు.

కుట్టు షెడ్డుకు చేరేసరికి యజమాని హులిగేశ్ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"మధ్యాహ్నం పోవాల అంటివే. దావణగెరె ఆర్డరు నీ చిన్న జేబులు లేక ఆగిపోతే నా గతేం మేడం?" అని చేతులు జోడించాడు. కోపం వస్తే అతను ఆడవాళ్లందర్నీ మేడం అంటాడు.

"కుట్టేసి పోతాలే అప్పా. అంత ఏడవాకు."

"ఆయ్తు, ఆయ్తు" అని కన్నడంలో సరేనంటూ లోపలికి పోయాడు.

రెజీనా మిషను మీద కూర్చుంది. నీలం గుడ్డ ముక్క తీసుకోవడం, అంచు మడవడం, పెద్ద జేబు గుడ్డ మీద పెట్టడం, మూడు వైపులా కుట్టి దారం తెంపడం. చేతులు వాటంతటవే పోతుంటే ఎప్పటిలాగే నోట్లో కీర్తన కూనిరాగం మొదలైంది. చిన్నప్పటినుంచీ చర్చిలో పాడేవాళ్ల వరసలో నిలబడింది. కొందరు పై స్వరం పాడితే, కొందరు దాని కిందుగా ఇంకో స్వరం పాడతారు. రెజీనా ఎప్పుడూ పై స్వరమే.

పక్క మిషను సౌందర్య తల వంచి ఆమెకేసి చూసింది. కొత్తగా చేరిన పిల్ల, నోరు ఊరుకోదు.

"అక్కా, అడగాలనుకుంటాండా. నువ్వు పాడితే దాని కింద ఇంగొగ గొంతు గూడా వినపడ్తాది. ఎట్ల పాడ్తావు రెండూ?"

"మోటారు సద్దులే పాపా."

"మోటారు సద్దు నాకు తెలీదా?" అని మూతి తిప్పుకుంది సౌందర్య.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. షెడ్డులోని మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి, ఫ్యాన్లు ఆగాయి. రెజీనా పాట ఆపింది. ఆపిన తర్వాత, ఆ నిశ్శబ్దంలో, చరణం చివరి రెండు మాటలూ ఎవరో కిందిస్వరంలో మెల్లగా పాడి ముగించారు. నోరు మూసే ఉంది. పెదాల మీద వేలు పెట్టి చూసుకుంది, మూసే ఉంది. సౌందర్య కళ్లు ఇంతింత చేసుకుని చూస్తోంది. జనరేటరు మొదలయ్యాక ఆ పిల్ల తన కుర్చీని మూరెడు దూరం జరుపుకుంది.

మధ్యాహ్నం స్కానింగు సెంటరులో చేతులు తల పైకెత్తి పడుకోబెట్టారు. బల్ల మెల్లగా గుండ్రటి మిషను లోపలికి పోయింది. ఊపిరి బిగపట్టమని లోపలినుంచి ఒక ఆడగొంతు కన్నడంలో చెప్పింది. రెజీనా బిగపట్టింది. చాలాసేపు చంకనెత్తుకున్న బిడ్డను కిందికి దింపినప్పుడు ఆ పక్క తేలికవుతుంది కదా, ఛాతీ కుడివైపు అలా అయింది. ఇక ఊపిరి వదలమంది ఆ గొంతు.

సెంటరు అబ్బాయి తలుపు తీసుకుని వచ్చి పేరు అడిగాడు. చెప్పింది. వయసు అడిగాడు. అదీ చెప్పింది. మళ్లీ ఒకసారి పడుకోమన్నాడు. రెండోసారి తీశాక ఎవరికో ఫోను చేశాడు. తీసుకొచ్చి హిమబిందు గది ముందు కూర్చోబెట్టారు. సూది తప్పదు కాబోలని రెజీనా మనసు రాయి చేసుకుంది.

"రెజీనా గారూ, ఈ మధ్య ఎక్కడన్నా పడ్డారా? ఛాతీకి దెబ్బ తగిలిందా?" డాక్టరమ్మ అడిగింది.

"లేదు మేడం."

"ఉన్నట్టుండి నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం?"

"ఏం ల్యా. పెరిగిందా మేడం?"

హిమబిందు కంప్యూటరు తెరను ఇటు తిప్పింది. ఎడమవైపు పాత బొమ్మ, కుడివైపు కొత్త బొమ్మ. "ఆ మధ్య తీసినప్పుడు ఇదిగో, ఇక్కడ ఉంది. ఇవాళ చూడండి. లేదు."

ఒంపు తిరిగిన ఆకారం ఉండాల్సిన చోట నల్లగా, ఖాళీగా ఉంది.

"యాడికి పాయ?"

"పల్చటి తిత్తి కదండీ. దానంతట అదే పగిలి, నీళ్లు ఒంట్లోనే ఇంకిపోయి ఉంటాయి. ఎప్పుడో అరుదుగా అలా జరుగుతుందని చదువుకున్నానే గానీ నేను చూడటం ఇదే మొదలు. మీ అదృష్టం, సూది తప్పింది. కొన్ని నెలలాగి ఇంకోసారి చూసి వదిలేద్దాం."

"ఎప్పుడు పోయింటాది?"

"చెప్పలేమండీ. పోయిన వారం కావచ్చు, నెల కిందట కావచ్చు."

పొద్దున ఉండె, పాడె, అని నాలుక చివరిదాకా వచ్చింది. రెజీనా మింగేసింది. మింగుతుంటే కళ్లనీళ్లు కారాయి.

"అయ్యో, సంతోషించాల్సింది పోయి ఏడుస్తారేంటండీ?" హిమబిందు లేచి వచ్చి భుజం తట్టింది. మంచి పిల్ల. ఆమెకేం చెప్పాలి?

ఆటోలో రెజీనా కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గతుకు వస్తే అది అడ్డం రాలేదు. చుట్టూ ఎర్రదుమ్ము, లారీల హారన్లు, ఎండ. నెమ్మదిగా కూనిరాగం తీసి చూసింది. ఒకటే గొంతు, అదీ బొంగురుగా. ఇంత దుఃఖం వస్తుందని ఆమె అనుకోలేదు. లేనిది పోయిందని ఏడ్చేవాళ్లను ఏమంటారో కూడా తెలియలేదు. ఇంటి సందు వచ్చేసరికి మాత్రం నిశ్చయించుకుంది. ఉందనే చెప్తుంది. పెరగలేదని, సూది వద్దన్నారని చెప్తుంది. అమ్మ బతికినంత కాలం ఆ అబద్ధం మోస్తుంది.

లక్ష్మక్క తన గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"రెజీనా, మీ ఇంటికి ఎవరన్నా సుట్టాలొచ్చినారా?"

"లేదే. ఏమాయ?"

"మీయమ్మ మధ్యాన్నం నుంచి ఒగటే మాటలు, ఒగటే నగడం. ఎవరబ్బా అని తొంగి చూస్తే ఒగతే ఉండాది. పాలు కాంచి రెండు గ్లాసుల్లో పోసియ్యమనె. పోసిస్తి."

"తాగిందా?"

"ఏమో తల్లీ. మళ్లా పోయి చూస్తే రెండూ ఖాళీ." లక్ష్మక్క చేతులు చేటలోనే ఆగిపోయాయి. "పొద్దున ఒగటి గూడా తాగనని మొండికేసె గదా."

రెజీనా చెప్పులు విడిచి లోపలికి పోయింది. దీనమ్మ పక్కకు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి వంచి, ఒక పాత తువ్వాలును చుట్టి ఆ వంపులో పెట్టుకుంది. మొహం కడిగినట్టు ప్రశాంతంగా ఉంది.

"మా, పోయొచ్చినా. ఉండాది. పెరగల్యా. సూది గీది ఏం వద్దన్నారు."

దీనమ్మ కళ్లు తెరవకుండానే నవ్వింది.

"అబద్దాలు చెప్పాకే. అది ఇంటికొచ్చి ఎంత సేపాయ."

రెజీనా తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"తడిసి వచ్చినాది పాపం. తుడిచినా. మెల్లగ మాట్లాడు, ఇప్పుడే పండుకున్నె."

అడగకూడదనుకుంటూనే రెజీనా అడిగింది. "ఎట్లుండాది మా?"

"నీ మాదిరే. నీకంటే రోంత నలుపు." ముసలామె కాసేపు ఊపిరి తీసుకుంది. "నీ పేరేమే అంటే చెప్పదు. అక్క పెడ్తాది అంటాది. నువ్వు పోయి ఇంత తినుపో, పొద్దున్నుంచి కడుపు మాడ్చుకున్నావు."

రెజీనా వంటింట్లోకి పోయింది. చల్లన్నంలో మజ్జిగ పోసుకుని నిలబడే తింది. నడవాలోనుంచి జోకొడుతున్నట్టు అరచేతి చప్పుడు, మెత్తగా, తెరపి లేకుండా వస్తోంది. గిన్నె కడుగుతుంటే నీళ్ల చప్పుడులో అది కలిసిపోయింది. కొళాయి కట్టేశాక వినపడలేదు.

వచ్చి చూస్తే దీనమ్మ అలాగే పడుకుని ఉంది. ఛాతీ కదలడం లేదు. రెజీనా మంచం పక్కన నేల మీద కూర్చుంది. నిద్రపోయే బిడ్డ లేస్తుందేమో అన్నట్టు గట్టిగా ఏడవడానికి కూడా భయమేసింది. లక్ష్మక్క వచ్చి చూసి నోరు కొట్టుకునేదాకా అలాగే కూర్చుని ఉంది.

పొద్దు వాలుతుండగా కెన్నెత్ వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని మంచం పక్కన కాసేపు తల వంచి నిలబడ్డాడు.

"గంట కొట్టాల అక్కా. దీనమ్మత్త పేరు పిలుస్తా. అంతే గదా?"

"ఇంగొగ పేరుండాది కెన్నెత్."

"ఎవురిది?"

"మా చెల్లెలిది. నా ఎనకాలే పుట్టి పోయింది. దానికి గంట కొట్టల్యా."

కెన్నెత్ ఇబ్బందిగా కదిలాడు. "పెద్దలు ఏమంటారో అక్కా. బాప్తిస్మం లేదు, పేరు లేదు. ఏమని పిలవల్ల నేను?"

"నేను పెట్టినా పేరు. అక్కను, నేను పెట్టకూడదా?" రెజీనా గొంతు మొదటిసారి లేచింది. ఎప్పుడో పెళ్లి సంబంధాలు వచ్చే రోజుల్లో, తనకు ఆడపిల్ల పుడితే పెట్టుకుందామని ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పేరు ఒకటి ఉంది. "షాలిని. షాలిని అని పిలువప్పా. పెద్దలు అడిగితే నా పేరు చెప్పు."

కెన్నెత్ ఆమెను చూశాడు. దీనమ్మ చేతి వంపును, అందులోని తువ్వాలును చూశాడు. "ఆయ్తక్కా" అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆడవాళ్లు దీనమ్మకు స్నానం చేయించడానికి ఎత్తి పెరట్లోకి తీసుకుపోయారు. రెజీనా చెంబుతో తలమీద నీళ్లు పోస్తుండగా గంట మొదలైంది. ఆగింది. దూరంనుంచి కెన్నెత్ పిలుపు తెరలుగా వచ్చింది, దీనమ్మా అని. అందరూ తలలు వంచారు. తర్వాత గంట మళ్లీ మోగింది.

"ఇంగెవరు పోయినారే?" లక్ష్మక్క గాభరాగా అడిగింది.

రెజీనా చెంబు కింద పెట్టింది. షాలినీ, అన్న పిలుపు ఇంటి కప్పుల మీదుగా వచ్చి పెరట్లో వినపడింది.

"మా చెల్లెలు లక్ష్మక్కా" అంది రెజీనా. అప్పుడు ఏడ్చింది, ఇద్దరికీ కలిపి, గొంతు చాలినంత.

లోపల ఖాళీ మంచం మీద చుట్టిన తువ్వాలు అలాగే ఉంది, నడుమ చిన్న తల ఆనినంత గుంట పడి, ఆ గుంట చుట్టూ ఇంకా తడిగా.